పట్టింపు

ఎవరికి ఏ పుస్తకం నప్పుతుందో చెప్పడం దమయంతి ఉద్యోగం.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా గుట్ట మీద కట్టిన ఆ పరిశోధనాలయంలో మిగతా వాళ్లందరికీ పెద్ద చదువులున్నాయి. ఆమెకున్నది మామూలు డిగ్రీ, చాలా ఏళ్లు అద్దె పుస్తకాల కొట్టు నడిపిన అనుభవం. ఆ కొట్టు మూతపడే రోజుల్లో కూడా క్రమం తప్పకుండా వచ్చిన నలుగురైదుగురిలో డాక్టర్ సలోమి ఒకరు. మెదడు మీద పరిశోధన చేసే ఆవిడ, ఖాళీ దొరికితే మాయాలోకాల నవలలు తప్ప మరొకటి ముట్టుకునేది కాదు. కొట్టు ఖాళీ చేస్తున్న రోజున అట్టపెట్టెల మధ్య నిలబడి, "నాతో వచ్చేయండి దమయంతీ, అక్కడా మీకు తెలిసిన పనే" అంది.

ఆ రోజు దమయంతి ముందు కూర్చున్నవాడు సింహాచలం. సిటీ బస్సు డ్రైవరు. ఏభై దాటిన మనిషి. డ్యూటీ దిగి ఖాకీ చొక్కాతోనే వచ్చాడు.

"నాకు కతలు సదవడం అలవాటు లేదమ్మా. పేపరే సరిగ్గా సూడను," అన్నాడు ముందే క్షమించమన్నట్టు.

"పర్లేదండి. బండి దిగాక మీకు ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంటుంది?"

అతను మెడ వెనక చెయ్యి వేసుకున్నాడు. "ఇదిగో, ఇక్కడ. ఎవడో ఎక్కి కూకున్నట్టుంటాది. మద్దిలపాలెం సిగ్నల్ కాడ ఎక్కుతాడు. ఎనకాల హారన్లు, పక్కన ఆటోలు, లోపల జనం కేకలు. ఇంటికెళ్లినా దిగడు. మా ఆడది మంచినీళ్లిచ్చినా దాని మీద కసురుకుంటాను."

దమయంతి లేచి అరలోంచి 'కొండను మోసినవాడు' అనే నవల తీసి అతని చేతిలో పెట్టింది. మెడ మీద బరువున్నవాళ్లకి రాక్షసుల కథలు, పొట్టలో గుబులున్నవాళ్లకి ఓడ ప్రయాణాలు, పళ్లు నూరుకునేవాళ్లకి మాట్లాడే జంతువులు. కొన్ని నెలలుగా మనుషులను చూసి చూసి ఆమెకు ఆ కిటుకు పట్టుబడింది. మొదట్లో ఒకరిద్దరికి సంసారాల కథలిచ్చి చూశారు. ఉన్న చికాకులు ఇంకాస్త బిగుసుకున్నాయి తప్ప ప్రయోజనం లేకపోయింది. పట్టీ పని చెయ్యాలంటే మనిషి ఈ లోకం వదిలి వెళ్లాలి.

పట్టీ అంటే నుదుటికి కట్టుకునే బూడిదరంగు గుడ్డపట్టీ. లోపల వెంట్రుకలంత సన్నటి తీగెలుంటాయి. దమయంతి దాన్ని సింహాచలం తలకి కట్టి, "కథలో పడిపోగానే ఇది వెచ్చబడుతుంది. కంగారు పడకండి" అంది.

అతను వేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదివాడు. మొదట నాలుగైదుసార్లు గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత చూడలేదు. కథలో రాక్షసుడు కొండను భుజాన వేసుకుని ఏరు దాటుతున్నాడు. సింహాచలం భుజాలు తెలియకుండానే పైకి లేచాయి, మెల్లగా దిగాయి. అద్దం అవతల గదిలో సలోమి తెర మీద గీతలు చూస్తూ కూర్చుంది. పొద్దున్నుంచి అతని మెదడులో బస్సును, సిగ్నల్‌ను, కేకలను పట్టుకుని వేలాడుతున్న బరువును పట్టీ ఒక్కో పోగు చొప్పున ఊడదీసి, ఏరు దాటుతున్న రాక్షసుడికి అంటిస్తోంది.

పట్టీ విప్పాక సింహాచలం మెడ తడుముకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"దిగీసినాడమ్మా," అన్నాడు నవ్వుతూ.

అతనికి సిగ్నల్ గుర్తుంది. కేకలూ గుర్తున్నాయి. అవి ఎవరికో జరిగిన సంగతుల్లా ఉన్నాయంతే. రోజూ కొంచెం చదవమని పట్టీనీ పుస్తకాన్నీ అతనితోనే ఇంటికి పంపింది దమయంతి.

వారం తిరక్కుండా అతని భార్య ఫోన్ చేసింది. "మా ఆయన దేవుడైపోనాడమ్మా" అని మురిసిపోయింది. అలాంటి ఫోన్లు చాలానే వచ్చాయి. అందుకే ఒక సాయంత్రం సలోమి ఒక పట్టీ తెచ్చి దమయంతి బల్ల మీద పెట్టి, "నేను వాడుతున్నాను. మీరూ తీసుకెళ్లండి. మీ మొహం చూస్తుంటే నాకే అలసటగా ఉంది" అంటే, దమయంతి కాదనలేదు.

ఆమెకు కష్టాలంటూ ఏమీ లేవు. అదే చెప్పుకోవడానికి సిగ్గుగా ఉండేది. భర్త పైడిరాజు ఓడరేవులో క్రేన్ నడుపుతాడు. మాట కరుకైనా మనిషి మంచివాడు. ఒక్కతే కూతురు మోక్షిత, నాలుగో తరగతి. ఉన్నవన్నీ రోజూ ఉండేవే. తెల్లారి కుళాయి నీళ్లు వచ్చేది కాసేపే. ఇడ్లీ పిండి పులవదు. పిల్లకి సాక్సు ఒకటే దొరుకుతుంది. బడి నుంచి ఫోన్‌కి ఒకదాని మీద ఒకటి మెసేజులు. వాన మొదలైతే చాలు మోక్షితకి ఆయాసం. రాత్రంతా ఆ పిల్ల ఛాతీలోంచి వచ్చే ఈలకి చెవులప్పగించి పడుకోవడం, మర్నాడు నిద్రలేని కళ్లతో బస్సు ఎక్కడం. ఇందులో ఏ ఒక్కదాన్నీ కష్టమనలేం. అన్నీ కలిసి మాత్రం మనిషిని నమిలేస్తాయి.

మొదటి సాయంత్రం వంటగది గట్టు మీద కూర్చుని 'ఉప్పుగాలి ద్వీపం' చదివింది. ఓడ తెరచాప ఎత్తగానే పట్టీ వెచ్చబడింది. విప్పాక చూస్తే సింకులో గిన్నెలు గిన్నెల్లా ఉన్నాయి. అంతకుముందు అవి ఆమెని తిడుతున్నట్టుండేవి. దమయంతికి ఏడుపొచ్చినంత హాయిగా అనిపించింది. పోను పోను అలా ఏదైనా గట్టిగా అనిపించడమే ఆగిపోతుందని అప్పుడు తెలియలేదు.

ఇల్లు చల్లబడింది. పాలు పొంగిపోతే తుడిచేది. పైడిరాజు షిఫ్టు మారిందని చెప్పకపోయినా "సరేనండి" అనేది. మోక్షిత లెక్కల్లో తప్పితే సంతకం పెట్టి ఇచ్చేది. పైడిరాజు మొదట్లో సంబరపడ్డాడు. "ఏటే, ఈ మధ్య ఇల్లు గుడిలాగున్నాది" అన్నాడు. తర్వాత తర్వాత భోజనం చేస్తూ ఆమె మొహంలోకి చూసి, ఏదో అడగబోయి, మానేసేవాడు.

బడి వార్షికోత్సవంలో మోక్షిత నెమలి వేషం కట్టింది. దమయంతి ముందు వరసలోనే కూర్చుంది. పింఛం పక్కకి ఒరిగినా పిల్ల ఆపకుండా ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు, దమయంతీ కొట్టింది. ఇంటికొస్తూ ఆటోలో మోక్షిత, "నేను పడిపోబోయాను, చూశావా?" అంది.

"చూశానమ్మా."

"భయమేసిందా?"

"లేదు. బాగా ఆడావు."

పిల్ల రోడ్డు వైపు తిరిగి కూర్చుంది.

మళ్లీ వానలు పట్టుకున్నాక ఒక సాయంత్రం బడి ఆటో వచ్చి వెళ్లింది గానీ మోక్షిత మెట్లెక్కి పైకి రాలేదు. దమయంతికి ఆ రోజు సెలవు. ఆటో అబ్బాయికి ఫోన్ చేసింది. గేటు దగ్గరే దించానన్నాడు. పక్క వీధిలో ఉండే పిల్ల స్నేహితురాలి తల్లికి చేసింది. రాలేదంది. ఆ తర్వాత చెయ్యవలసింది పోలీస్ స్టేషన్‌కి వెళ్లడమని దమయంతికి తెలుసు. ఎసరు మరుగుతోంది. బియ్యం కడిగి పోసింది.

చీకటి పడబోతుండగా పైడిరాజు వచ్చి చొక్కా గుండీలు విప్పుకుంటూ, "గుంటేదే?" అన్నాడు.

"కనబడలేదండి. ఆటో అబ్బాయి గేటు దగ్గర దించాడంట. స్నేహితురాలి ఇంట్లోనూ లేదు. అన్నం ఉడికాక స్టేషన్‌కి వెళ్దామనుకుంటున్నాను."

పైడిరాజుకి ఆ మాటలు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. ఆమె గొంతులో ఏమీ లేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినట్టే చెప్పింది. అతను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాడు. కింద వాచ్‌మన్‌ని అడిగాడు, సందు చివరిదాకా వెళ్లొచ్చాడు, చివరికి డాబా ఎక్కాడు. నీళ్ల ట్యాంకు వెనక, బడిసంచి ఒళ్లో పెట్టుకుని, తడిసి ముద్దయి కూర్చుంది మోక్షిత. పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ ఎగసిపడుతోంది.

దమయంతి చెయ్యవలసినవన్నీ చేసింది. తడిబట్టలు మార్చింది, మందు కొలిచి పోసింది, నెబ్యులైజర్ మాస్కు పిల్ల మొహానికి పెట్టి పట్టుకుంది. ఆమె చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. ఆయాసం తగ్గాక మోక్షిత మాస్కు పక్కకి జరిపింది.

"నువ్వు వెతుకుతావేమోనని చూశాను."

"ఫోన్లు చేశానమ్మా."

"పైకి రాలేదు." పిల్ల ఊపిరి అందుకుని మళ్లీ అంది, "వాన పడుతున్నా రాలేదు. కనీసం తిట్టు."

దమయంతి తిట్టడానికి ప్రయత్నించింది. "అలా చెయ్యకూడదు" అంది. మోక్షిత మాస్కు మళ్లీ తనే పెట్టుకుని కళ్లు మూసుకుంది.

పిల్ల నిద్రపోయాక పైడిరాజు వచ్చి భార్య ముందు నేల మీద కూలబడ్డాడు. క్రేన్ మీద అంత ఎత్తున తొణక్కుండా కూర్చునే మనిషి, కాళ్ల బురద కూడా కడుక్కోలేదు.

"దింపుడు కళ్లం కాడ పాడె దించి సెవిలో పేరెట్టి మూడుసార్లు పిలుత్తారు. లేత్తాదేమోనని," అన్నాడు. "నానూ పిలుత్తన్నాను. దమయంతీ."

"ఉన్నానండి. చెప్పండి."

"దమయంతీ."

"ఊఁ."

మూడోసారి పిలవలేకపోయాడు.

మర్నాడు ఆమె పరిశోధనాలయానికి వెళ్లేసరికి సింహాచలం వరండాలో కూర్చుని ఉన్నాడు. మనిషి చిక్కిపోయాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. మడిచిన పట్టీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వేసంగిలో మా తమ్ముడు పోయినాడమ్మా. నా సేతులతోనే ఎత్తుకున్నాను, కాల్చి వచ్చీసినాను. ఒక్క సుక్క రాలేదు. గట్టోడని అందరూ అన్నారు. నానూ అలగే అనుకున్నాను." అతను చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. "మొన్న మా ఆడది, నిన్ను అంతలాగ మార్సిన పుస్తకమేటో నాకూ సదివి ఇనిపించు అంది. దానికి సదువు రాదు. పట్టీ లేకండా ఊరికే సదివాను. ఆ రాక్షసుడు ముక్కు దురదెట్టి కొండ కిందెట్టి గోక్కుంటాడు సూడండి, నవ్వులాట. పట్టీ ఎట్టుకుని అది సదివిన రోజే నా తమ్ముడు పోయిన రోజు. అక్కడికొచ్చేసరికి..." చేత్తో ఛాతీ మీద కొట్టుకుని చూపించాడు. "మా ఆడది నవ్వుతా ఉంది, నాను నేల మీద పడి దొర్లుతున్నాను."

"పుస్తకం తేలేదేమండీ?"

"అది ఇవ్వనమ్మా. మా తమ్ముడు అందులోనే ఉన్నాడు."

దమయంతి అతన్ని కూర్చోబెట్టి టీ ఇప్పించి, సలోమి గదిలోకి వెళ్లింది. సింహాచలం సంగతీ, నిన్న ఇంట్లో జరిగిందీ ఉన్నదున్నట్టు చెప్పింది. సలోమి వింటూ తెర మీద పాత గీతలను తెరిచింది. బస్సు డ్రైవరువి, ఒక బ్యాంకు గుమస్తావి, దమయంతివి, తనవి కూడా. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసింది.

"మనం ఒత్తిడి వేరు, పట్టింపు వేరు అనుకున్నాం," అంది చివరికి. "ఒత్తిడి మాత్రమే ఊడదీస్తున్నామనుకున్నాం. రెండూ ఒకే పోగు, దమయంతీ. తమ్ముడంటే పట్టింపు ఉంటేనే తమ్ముడు పోతే బాధ. ఒకటి లాగితే రెండోదీ వచ్చేస్తుంది. కొన్నాళ్లు లాగాక, కొత్తగా పుట్టడం కూడా మానేస్తుంది."

"అయితే పోయినట్టేనా?"

"పోలేదు. కథల్లో ఉంది. పట్టీ లేకుండా అవే కథలు మళ్లీ చదివితే తిరిగొస్తుందని ఆయన చెప్తున్నాడుగా. ఇన్నాళ్ల బరువూ మళ్లీ మోయాలి."

"ఇది ఆపాలి కదా మేడమ్?"

"ఆపాలి. నాకు తెలుసు." సలోమి కిటికీలోంచి సముద్రం చూసింది. ఆవిడ మొహం కడిగిన పలకలా ఉంది. "ఈపాటికి నాకు ఒళ్లు చల్లబడాలి. ఇంతమందిని ఏం చేశానని కుమిలిపోవాలి. అదీ తెలుసు. ఏమీ రావడంలేదు. మధ్యాహ్నం భోజనంలోకి ఏముందా అని ఆలోచిస్తున్నాను."

భయపడవలసిన సమయమని ఇద్దరికీ తెలుసు. చివరికి దమయంతి, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కాబట్టి, "ముందు కొత్తవాళ్లకి ఇవ్వడం మానేద్దాం" అంది. సలోమి "సరే" అంది. ఉన్నవాళ్లందరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పి, పట్టీలు తిరిగి ఇవ్వమన్నారు. సగం మందికి పైగా ఇవ్వలేదు. "నాకు బాగానే ఉంది కదండీ" అన్నారు. ఆ మాట నిజమే. వాళ్లకి బాగానే ఉంది.

దమయంతికీ బాగానే ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది. మళ్లీ ఆ బరువు ఎత్తుకోవాలని ఆమెకి ఏ కోశానా అనిపించలేదు. పిల్ల నీలం పెదాలు తలుచుకుంది. భర్త బురద కాళ్లు తలుచుకుంది. బొమ్మలు చూస్తున్నట్టే ఉంది. కానీ పిల్ల కనీసం తిట్టమని అడిగింది. అడిగినది చెయ్యాలన్న తెలివి మాత్రం మిగిలి ఉంది. గ్యాస్ బుక్ చెయ్యాలి, కరెంటు బిల్లు కట్టాలి, ఇదీ చెయ్యాలి. అలాగే అనుకుని ఆదివారం మధ్యాహ్నం తను చదివిన నవలలన్నీ మంచం మీద పరిచింది.

మోక్షిత గుమ్మంలో నిలబడి చూసింది. డాబా మీద దాక్కున్న రోజు నుంచీ ఆ పిల్ల తల్లితో అవసరానికి మించి మాట్లాడటం లేదు.

"వీటిలో ఒకటి చదువుదామనుకుంటున్నాను. ఏది చదవాలో చెప్పు."

"అది నీ పని కదా."

"నాకు ఏది నప్పుతుందో నాకు తెలియడంలేదమ్మా."

మోక్షిత దగ్గరికొచ్చి ఒక్కో అట్టా తిప్పి చూసింది. డ్రాగన్ల బొమ్మ ఉన్నది పక్కన పెట్టేసింది. మేఘాల మీద మేకలు మేస్తున్న బొమ్మ చూసి ఆగింది. 'మంచుమేకల కాపరి'. "ఇది. గట్టిగా చదువు. నేనూ వింటాను" అని గోడకి ఆనుకుని, తల్లికి తగలకుండా, కొంచెం ఎడంగా కూర్చుంది.

కథ మంచిదే. మేఘాల మీద మేకలు కాచే ముసలమ్మ ఒకతె ఉంటుంది. ఆమె మంద నుంచి ఒక పిల్లమేక రోజూ జారి కిందికి పడిపోతుంటుంది. ముసలమ్మ తాడు విసిరి పైకి లాగుతూ ఉంటుంది. మొదటి పుటల్లో దమయంతికి ఏమీ కాలేదు. కాపరి పాట దగ్గర, కుళాయి నీళ్లు ఆగిపోయిన పొద్దుటి చికాకు, ఎప్పటిదో, ఈగలా వచ్చి వాలింది. మేకలు అంచుకి చేరిన చోట బస్సు తప్పిపోయిన కంగారు వచ్చి దాని పక్కన చేరింది. ఆమె చదువుతూనే ఉంది. మోక్షిత గోళ్లు కొరుక్కుంటూ వింటోంది.

పిల్లమేక ఏడోసారి జారింది. ముసలమ్మ తాడు అందుకుంది.

అక్కడ దమయంతి ఆగిపోయింది.

ఇది చదివింది పోయిన వానాకాలంలో. మోక్షితకి వరసగా రాత్రుళ్లు ఆయాసం వచ్చిన వారం. ఒక తెల్లవారుజామున పిల్ల వీపు నిమురుతూ కూర్చుని, కళ్లు మండుతుంటే, దమయంతి ఒక మాట అనుకుంది. పైకి అనలేదు. ఈ పిల్ల నాకెందుకు పుట్టింది, నన్నెందుకు పడుకోనివ్వదు అనుకుంది. అనుకున్నందుకు తనంటే తనకే అసహ్యం వేసింది. ఆ సాయంత్రం పట్టీ కట్టుకుని ఈ కథలోకి మొదట దించుకున్నది ఆ మాటనే. ఇప్పుడది వచ్చింది. నిద్రలేని ఒళ్లునొప్పులతో, కోపంతో, సిగ్గుతో, ఆ పిల్ల ఛాతీలో ఈల ఆగిపోతే ఎలాగన్న భయంతో, అన్నీ ఒకదానికొకటి చుట్టుకుని వచ్చాయి. ఏది ఏదో విడదీయడానికి లేదు. ఆమె చేతిలో పుస్తకం వణికింది.

"ఏమైందమ్మా?" అంది మోక్షిత.

దమయంతి కూతురి వైపు చూసింది. కొరికిన గోళ్లు, చింపిరి జుట్టు, ఎప్పుడూ కొంచెం తెరుచుకుని ఉండే నోరు.

"విసుగొస్తోంది," అంది. తన గొంతు తనకే కరుకుగా వినిపించింది.

"ఎవరి మీద?"

"నీ మీదే."

మోక్షిత కదలకుండా తల్లి మొహాన్ని వెతికినట్టు చూసింది.

"చాలానా?"

"చాలా."

పిల్ల గోడ దగ్గర నుంచి జరిగి జరిగి వచ్చి, తల్లి తొడ మీద తల పెట్టుకుని పడుకుంది.

"సరే," అంది. "చదువు."